పేట చరిత్ర గోడకెక్కేటప్పుడు: ఏం గీయాలో తేల్చేది ఎవరు?

1967 ఆగస్టులో షికాగో నగరం దక్షిణ భాగంలో, 43వ వీధీ లాంగ్లీ అవెన్యూ కలిసే మూలన ఒక పాత భవనం గోడ రంగులతో నిండిపోయింది. ఒబాసీ అనే నల్లజాతి కళాకారుల సంఘం ఆ పని చేసింది. సంగీతకారులు, క్రీడాకారులు, రచయితలు, నాయకులు కలిపి దాదాపు యాభై మంది నల్లజాతి వీరులకు ఆ గోడ మీద చోటు దొరికింది. దానికి 'వాల్ ఆఫ్ రెస్పెక్ట్', అంటే గౌరవ కుడ్యం అని పేరు పెట్టారు. మాల్కం ఎక్స్ ఉన్నారు. మహమ్మద్ అలీ ఉన్నారు. మార్టిన్ లూథర్ కింగ్ లేరు.

అంతకు ముందు ఏడాదే కింగ్ ఆ నగరంలో ఇల్లు అద్దెకు తీసుకుని ఉండి, నల్లవారి ఇళ్ల సమస్య మీద ఉద్యమం నడిపారు. అయినా ఆయన్ని కావాలనే వదిలేశారు. కింగ్ అహింసా మార్గం కన్నా, ఎదురు నిలిచి పోరాడాలన్న మాల్కం ఎక్స్ పంథాయే ఆ బృందానికి దగ్గరగా తోచిన రోజులవి.

ఈ వ్యాసం విప్పదలచుకున్న చిక్కుముడి ఆ ఖాళీ దగ్గరే మొదలవుతుంది. పేటవాసులే పూనుకుని, కనుమరుగైన తమ చరిత్రను తమ గోడ మీద గీసుకుంటామంటే కాదనేవాళ్లు ఉండరు. తీరా పరంజా కట్టే వేళకు ప్రశ్నలు వరస కడతాయి. పేటవాసులంటే ఎవరెవరు? మరిచిపోయింది ఎవరు? ఇద్దరు పెద్దలు ఒకే సంఘటనను రెండు రకాలుగా చెబితే ఏది గీయాలి? గోడ యజమాని మనసు మారితే? బొమ్మ ఎంత బాగా కుదిరిందన్న దానికన్నా ఈ ప్రశ్నలకు ఎలా జవాబు చెప్పుకున్నారన్నదే ఆ గోడ విలువను తేలుస్తుందని నా నమ్మకం.

కుడ్యచిత్రం, గ్రాఫిటీ, వీధి కళ: ఏది ఏది?

కుడ్యచిత్రం, అంటే మ్యూరల్, ఒక గోడ కొలతకూ ఆ చోటుకూ తగ్గట్టు ఆలోచించి వేసే పెద్ద చిత్రం. గ్రాఫిటీ ఎక్కువగా అనుమతి లేకుండా, తన పేరో గుర్తో వదిలి వెళ్లే రాత. వీధి కళ అనే మాట ఈ రెండింటి మధ్య ఎక్కడైనా పడుతుంది. అందులో కళాకారుడి సొంత చూపు ప్రధానం, ఆ వీధివాళ్లతో సంబంధం ఉండొచ్చు, లేకపోవచ్చు.

ఈ హద్దులు తరచూ చెరిగిపోతుంటాయి. ఫిలడెల్ఫియాలో 1984లో గ్రాఫిటీని అరికట్టడానికి నగర పాలన ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. అందులో చేరిన చిత్రకారిణి జేన్ గోల్డెన్, గోడలు పాడుచేస్తున్నారని పేరుపడ్డ కుర్రాళ్లకే కుంచెలిచ్చి కుడ్యచిత్రాలు వేయించారు. ఇప్పుడు మ్యూరల్ ఆర్ట్స్ పేరుతో నడుస్తున్న ఆ సంస్థ వేయించిన చిత్రాలు నాలుగు వేలు దాటాయి.

అసలు తికమక 'పేటవాసులే నడిపే' అన్న మాట దగ్గర ఉంది. దీన్ని కనీసం మూడు అర్థాల్లో వాడుతున్నారు. ఒకచోట సంస్థ ముందే బొమ్మ ఖరారు చేసి, ఒక సాయంత్రం సభ పెట్టి అభిప్రాయాలు అడుగుతుంది. ఇంకోచోట బొమ్మ కళాకారుడిదే గాని, రంగులు నింపే రోజున పిల్లలూ పెద్దలూ వచ్చి తలా ఒక చెయ్యి వేస్తారు. మూడోచోట ఏ కథ చెప్పాలి, ఎవరి ముఖం ఉండాలి, ఏది వద్దు అన్న నిర్ణయమే పేటవాసుల చేతిలో ఉంటుంది. ఫొటోల్లో రెండోదీ మూడోదీ ఒకేలా కనిపిస్తాయి. తేడా తెలియాలంటే ఒకటే అడగాలి: పేటవాళ్లు వద్దన్నందుకు బొమ్మలోంచి తీసేసింది ఏమైనా ఉందా? అలాంటిది ఒక్కటీ లేదంటే, నిర్ణయం ఇంకెవరో చేసినట్టే.

'మరుగున పడిన చరిత్ర': మరిచింది ఎవరు?

చాలాసార్లు పేటలో ఎవరూ ఏమీ మరిచిపోయి ఉండరు. అమ్మమ్మలకు తెలుసు, పాత కార్మికులకు తెలుసు. మరిచింది నగరం. స్థలాల రికార్డులో యజమాని పేరు ఉంటుంది, అందులో అద్దెకున్నవాళ్ల పేరు ఉండదు. కర్మాగారం లెక్కల్లో ఉత్పత్తి ఉంటుంది, యంత్రం దగ్గర నిలబడ్డ మనిషి ఉండడు. కాగితం మీద లేనిది రెండు తరాల తర్వాత లేనట్టే లెక్క.

కొన్నిసార్లు మరుపు కాంక్రీటు రూపంలో వస్తుంది. కాలిఫోర్నియాలోని శాండియేగోలో లోగన్ హైట్స్ మెక్సికన్ మూలాలున్న కుటుంబాలు తరతరాలుగా బతికిన పేట. 1960లలో దాని మధ్యలోంచి పెద్ద రహదారి పోయింది. 1969లో కొరొనాడో వంతెన కట్టారు, దాని స్తంభాలు ఇళ్ల స్థలాల్లో లేచాయి. వంతెన కింద పార్కు ఇస్తామన్న మాట మిగిలింది. 1970 ఏప్రిల్ 22న అక్కడికి బుల్డోజర్లు వచ్చాయి. హైవే పోలీసుల కార్యాలయం కోసం నేల చదును చేస్తున్నారని తెలిసి, విద్యార్థులూ కుటుంబాలూ ఆ స్థలంలో బైఠాయించారు. పన్నెండు రోజుల తర్వాత అధికారులు దిగొచ్చారు. 1973 నుంచి ఆ స్తంభాల మీదే బొమ్మలు మొదలయ్యాయి. పేటను చీల్చిన కాంక్రీటే ఆ పేట చరిత్రకు పలక అయింది. ఆ చోటికి చికానో పార్కు అని పేరొచ్చింది; చికానో అంటే మెక్సికన్ మూలాలున్న అమెరికన్. 2016లో అమెరికా ప్రభుత్వం దాన్ని జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించింది.

మూడో రకం మరుపు కావాలని చేసేది. మెక్సికో చిత్రకారుడు డేవిడ్ ఆల్ఫారో సికైరోస్ 1932లో లాస్ ఏంజెలెస్‌లో 'అమెరికా ట్రాపికల్' వేశారు. దాని నడిమధ్యలో, అమెరికా గద్ద కింద శిలువ వేసిన ఆదివాసీ కనిపిస్తాడు. వీధిలోంచి కనిపించే భాగానికి కొన్ని నెలల్లోనే తెల్లరంగు పూశారు, తర్వాత మొత్తానికీ పూశారు. 1960ల చివరికొచ్చేసరికి ఎండకూ వానకూ ఆ తెల్లపూత పలచబడి, అడుగున ఉన్న బొమ్మ మసకగా బయటపడసాగింది. 2012 నుంచి జనం దాన్ని మళ్లీ చూడగలుగుతున్నారు.

ఈ మూడింటినీ వేరుగా చూడటం ఎందుకంటే, దేని మందు దానిదే. రికార్డులో లేకపోవడం వల్ల పోయిన చరిత్రకు ముసలివాళ్లను కూర్చోబెట్టి వినాలి. కూల్చివేతల్లో పోయినదానికి పాత పటాలూ ఫొటోలూ వెతకాలి. కావాలని చెరిపేసినదాన్ని మళ్లీ గీస్తే మాత్రం చెరిపినవాళ్లు, లేదా వాళ్ల వారసులు, మళ్లీ ఎదురవుతారు. దానికి సిద్ధపడే గోడ ఎక్కాలి.

రంగు కన్నా ముందు జరిగేది

1974లో అమెరికా సైనిక ఇంజనీర్ల విభాగం లాస్ ఏంజెలెస్‌లోని తుహుంగా వరద కాలువ పరిసరాలను అందంగా మార్చే పని మీద చిత్రకారిణి జూడీ బాకాను సంప్రదించింది. ఆమె ఆ కాలువ గోడ మీద కాలిఫోర్నియా చరిత్ర గీద్దామన్నారు, అదీ పాఠ్యపుస్తకాల్లో చోటు దక్కని మనుషుల వైపు నుంచి. 1976 వేసవిలో మొదలై 1983 దాకా సాగిన ఆ పనిలో నాలుగు వందల మందికి పైగా యువతీ యువకులు, వాళ్ల కుటుంబాలు పాల్గొన్నారు. చిన్న వయసులోనే పోలీసు కేసుల్లో చిక్కుకున్నవాళ్లు వాళ్లలో చాలామంది. 2,754 అడుగుల ఆ చిత్రాన్ని 'గ్రేట్ వాల్ ఆఫ్ లాస్ ఏంజెలెస్' అంటారు. రెండో ప్రపంచ యుద్ధంలో జపాన్ మూలాలున్న అమెరికన్లను నిర్బంధ శిబిరాలకు తరలించడం, 1930లలో మెక్సికన్ కుటుంబాలను రైళ్లెక్కించి పంపేయడం అందులో ఉన్నాయి. చరిత్రకారులతో మాట్లాడటం, జరిగింది చూసినవాళ్ల నోట వినడం, చర్చించి చిత్తుబొమ్మలు మార్చుకోవడం, ఇవన్నీ అయ్యాకే రంగు.

లండన్‌లోని కేబుల్ స్ట్రీట్ చిత్రానిదీ ఇదే దారి. 1936 అక్టోబర్ 4న ఆస్వాల్డ్ మోస్లీ నాయకత్వంలోని ఫాసిస్టుల ఊరేగింపును తూర్పు లండన్‌లోని యూదులు, ఐరిష్ రేవు కార్మికులు, కమ్యూనిస్టులు వీధికి అడ్డంగా నిలబడి ఆపేశారు. నలభై ఏళ్ల తర్వాత దాన్ని బొమ్మగా వేయాలనుకున్నప్పుడు చిత్రకారుడు డేవ్ బినింగ్టన్ పాత వార్తాపత్రికల ఫొటోలు వెతికారు, ఆ రోజు అక్కడున్నవాళ్లను కలిశారు.

ఇక్కడ ఒక చిక్కు ఉంది. చూసినవాళ్లు చెప్పేది ఎప్పుడూ కాగితంతో సరిపోలదు. ఇటలీలోని టెర్నీ పట్టణంలో లుయీజీ ట్రాస్టుల్లి అనే ఉక్కు కార్మికుడు 1949లో నాటోకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శనలో పోలీసుల చేతిలో చనిపోయాడు. అతని తోటివాళ్లలో చాలామంది మాత్రం అది 1953లో, కర్మాగారం దాదాపు రెండు వేల మందిని పనిలోంచి తీసేసినప్పుడు జరిగిన గొడవల్లో జరిగిందని చెప్పారు. ఈ తేడాను పట్టుకున్న చరిత్రకారుడు అలెస్సాండ్రో పోర్టెల్లి వాళ్లను తప్పుబట్టలేదు. తాము బదులు తీర్చుకోలేకపోయిన ఒక చావును, తమ బతుకులో అన్నిటికన్నా పెద్ద పోరాటానికి ముడివేసుకుని గుర్తుపెట్టుకున్నారని ఆయన అర్థం చేసుకున్నారు. తారీఖు తప్పు, దాని వెనక గాయం నిజం.

మరి గోడ మీద ఏ ఏడాది రాయాలి? చరిత్రకారుల పక్షం చెప్పేది సూటిగా ఉంటుంది: వీధిలో వెళ్లే పిల్లవాడు గోడను నమ్ముతాడు, కాబట్టి తప్పు సంఖ్య రాయకూడదు. జ్ఞాపకాల పక్షం వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు: రికార్డు రాసింది పోలీసులూ యజమానులూ అయినప్పుడు దాన్నే ప్రమాణంగా తీసుకుంటే, మొదట ఎవరి మాట వినలేదో ఇప్పుడూ వాళ్ల మాట విననట్టే. అంకెలు, పేర్లు, తారీఖుల దగ్గర రికార్డు మాట వినాలనీ, ఏ సంఘటన ఎంత పెద్దదన్న దగ్గర జ్ఞాపకం మాట వినాలనీ నేననుకుంటాను.

నలభై కథలు, ఒక్క గోడ: ఊహించి చూద్దాం

ఒక పేట అనుకుందాం. గోడ పొడవు 20 మీటర్లు, ఎత్తు 5 మీటర్లు. మూడు నెలలు తిరిగి నలభై కథలు పోగుచేశారు: మూతపడ్డ మిల్లు, ఒక సమ్మె, వరద, పాత బడి, నడిచి వచ్చి స్థిరపడ్డ రెండు వలస గుంపులు, ఒక మంత్రసాని, ఇంకా ఎన్నో. రోడ్డు అవతలి నుంచి చూసేవాళ్లకు మనుషులు గుర్తుపట్టేలా ఉండాలంటే ఒక్కో దృశ్యానికి మూడు నాలుగు మీటర్ల వెడల్పైనా ఇవ్వాలి. అంటే పట్టేవి ఐదారు దృశ్యాలు. కనీసం ముప్పై నాలుగు కథలు బయటే ఉండిపోతాయి.

ఎంపికకు ఓటింగ్ పెడితే? న్యాయంగానే తోస్తుంది. కాని పేటలో పది ఇళ్లే ఉన్న గుంపు కథ ఏనాటికీ నెగ్గదు. మరుగున పడినవాళ్లను వెలికితీసే పని మళ్లీ ఎక్కువమందికి తెలిసిన కథ దగ్గరే ఆగుతుంది. కమిటీకి వదిలేస్తే ఆ కమిటీలో ఎవరున్నారన్న ప్రశ్న వస్తుంది. సాయంత్రం సభలకు రాగలిగేది సాధారణంగా తీరిక ఉన్నవాళ్లే, రాత్రి షిఫ్టు వాళ్లు కారు. చిత్రకారులకు వదిలేస్తే బొమ్మకు ఒక ఒడుపు వస్తుంది, పేట మాట పలచబడుతుంది. దేనికీ నష్టం లేకుండా లేదు. ఐదు దృశ్యాల్లో మూడింటిని అందరి ఓటుతోనూ, రెండింటిని తక్కువమంది ఉన్న గుంపులకే ముందుగా కేటాయించి వాళ్ల నిర్ణయంతోనూ నింపడం మధ్యేమార్గం. మిగిలిన కథలు రికార్డింగులుగా ఒక బడిలోనో గ్రంథాలయంలోనో భద్రపడితే, గోడ మీద చోటు దొరకనంత మాత్రాన అవి పోవు. ఈ రెండో పనిని చాలామంది ఆఖరికి వాయిదా వేస్తారు, ఆ కథలు అక్కడే పోతాయి.

గీయడం వరకు వస్తే లెక్క తేలిక. 1:20 కొలతలో చిత్తుబొమ్మ ఒక మీటరు పొడవు, పాతిక సెంటీమీటర్ల ఎత్తు వస్తుంది; దాని మీద 5 సెంటీమీటర్ల గళ్లు గీస్తే ఒక్కో గడి గోడ మీద మీటరు చదరం అవుతుంది. ఎప్పుడూ కుంచె పట్టనివాళ్లు కూడా ఒక్కో గడి పూర్తిచేయగలరు. పరంజా ఎక్కలేని ముసలివాళ్లూ, బయటికి రాలేని ఖైదీలూ పాల్గొనాలంటే ఇంకో దారి ఉంది: పలచటి నేయని బట్ట మీద ముక్కలు ముక్కలుగా చిత్రించి, తర్వాత ఆక్రిలిక్ జిగురుతో గోడకు అంటించడం. ఫిలడెల్ఫియాలో ఇలా జైళ్లలో వేసిన బొమ్మలు వీధి గోడల మీదికి వచ్చాయి. ఏ పద్ధతైనా చెమ్మ ఉన్న గోడ మీద నిలవదు. నీరు లోపలి నుంచి ఉప్పును పైకి తోసుకొస్తుంది, రంగు పెచ్చులుగా ఊడుతుంది. అందుకే ముందు గోడను బాగుచేయాలి.

బాధను అంత పెద్దగా చూపాలా?

శాన్ ఫ్రాన్సిస్కోలోని జార్జ్ వాషింగ్టన్ హైస్కూల్లో 1936లో విక్టర్ అర్నాటాఫ్ వేసిన కుడ్యచిత్రాలున్నాయి. అవి పేటవాసులు పూనుకుని వేసినవి కావు, బడి గోడల లోపలివి. అయినా ఈ చర్చకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు తట్టదు. వాషింగ్టన్ గొప్పతనంతో పాటు ఆయన పొలంలో పనిచేసిన బానిసలనూ, నేల మీద చచ్చిపడి ఉన్న ఆదివాసీనీ అర్నాటాఫ్ గీశారు. దేశం దాచుకున్నది చూపించడమే ఆయన ఉద్దేశం.

ఎనభై ఏళ్ల తర్వాత ఆదివాసీ, నల్లజాతి కుటుంబాలు కొన్ని అడిగాయి: మా పిల్లలు రోజూ తమ పూర్వీకుడి శవం పక్క నుంచి క్లాసుకు వెళ్లాలా? 2019 జూన్‌లో పాఠశాల బోర్డు వాటి మీద రంగు పూసేయాలని తీర్మానించింది. అన్యాయాన్ని ఎత్తిచూపిన బొమ్మనే చెరిపేస్తారా అని చరిత్రకారులూ కళాకారులూ, కొందరు నల్లజాతి ప్రముఖులూ అడ్డుపడ్డారు. ఆగస్టుకల్లా పూత బదులు కనిపించకుండా కప్పుదామన్నారు. కేసు నడిచింది. 2022లో బోర్డు ఆ తీర్మానాన్నే వెనక్కి తీసుకుంది.

రెండు పక్షాలూ చరిత్ర తెలియాలనే అంటున్నాయి. తేడా చూసే మనిషి దగ్గర ఉంది. ఒకరు ఆ చరిత్ర ఎన్నడూ వినని బాటసారిని దృష్టిలో పెట్టుకుంటారు, ఇంకొకరు దాన్ని ఒంట్లో మోస్తున్న పిల్లను. పేట గోడను ఇద్దరూ చూస్తారు. చికానో పార్కు స్తంభాల మీద బాధితులతో పాటు ఎదురు తిరిగినవాళ్లూ నాయకులూ దేవతలూ పెద్దగా కనిపించడం ఈ ప్రశ్నకు ఆ పేట చెప్పుకున్న జవాబు.

గోడ ఒకరిది, బొమ్మ ఇంకొకరిది, కథ మరొకరిది

చట్టం దగ్గర మూడు వేర్వేరు హక్కులు కలిసిపోయి జనాన్ని గందరగోళపెడతాయి. గోడ మీద హక్కు యజమానిది. బొమ్మను కాపీ చేసి అమ్ముకునే హక్కు, అంటే కాపీరైట్, మామూలుగా వేసినవాళ్లది. మూడోది నైతిక హక్కు: బొమ్మ అమ్ముడైపోయినా, దాన్ని వికృతం చేసి తన పేరు చెడగొట్టకుండా చూసుకునే హక్కు.

అమెరికాలో 1990 నాటి దృశ్య కళాకారుల హక్కుల చట్టం గుర్తింపు పొందిన కృతులను ధ్వంసం కాకుండా కాపాడుతుంది. న్యూయార్క్‌లోని ఫైవ్ పాయింట్జ్ భవనం యజమాని, అంతకు ముందు తానే అనుమతించిన చిత్రాల మీద 2013లో ఒక్క రాత్రిలో తెల్లరంగు పూయించాడు. 2018లో కోర్టు 21 మంది కళాకారులకు 67.5 లక్షల డాలర్లు చెల్లించాలని తీర్పిచ్చింది, 2020లో పై కోర్టు దాన్ని సమర్థించింది. భారత్‌లో 1957 నాటి కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ ఈ పని చేస్తుంది. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో అమర్‌నాథ్ సెహగల్ చేసిన కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ఊడదీసి గోదాములో పడేశారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆ మిగిలిన భాగాలను ఆయనకు అప్పగించి, 5 లక్షల రూపాయల పరిహారం ఇవ్వమంది. అదే కోర్టు 2019లో, ఢిల్లీ ప్రగతి మైదాన్‌లోని హాల్ ఆఫ్ నేషన్స్ అనే ప్రదర్శనశాల కూల్చివేత కేసులో, భవనాన్ని యజమాని పూర్తిగా కూల్చుకోకుండా వాస్తుశిల్పి ఆపలేడని తేల్చింది. కాబట్టి చట్టం ఉందన్న ధైర్యం ఒక్కటే చాలదు. ఎన్నేళ్లు ఉంచుతారు, తీసేయాల్సి వస్తే ఎన్నాళ్ల ముందు చెబుతారు, మరమ్మతు ఎవరిది అన్నవి ముందే రాతపూర్వకంగా ఉండాలి.

నన్ను అన్నిటికన్నా ఇబ్బంది పెట్టేది వేరే ఉంది. ఈ మూడు హక్కుల్లో ఏదీ కథ చెప్పిన మనిషికి చెందదు. తన తల్లి ముఖం గోడ మీదికెక్కి, అక్కణ్ణించి టీ షర్టుల మీదికెక్కినా ఆమె కొడుకుకు చట్టం చేతికిచ్చేది చాలా తక్కువ. అందుకే కథ చెప్పేవాళ్లతో విడిగా ఒక ఒప్పందం రాసుకోవడం, మనసు మారితే వెనక్కి తీసుకునే గడువు ఇవ్వడం మర్యాద మాత్రమే కాదు, అవసరం.

గోడ అందంగా మారితే అద్దె పెరుగుతుందా?

రంగుల గోడలు చూసి కొత్తవాళ్లు వస్తారు, అద్దెలు పెరిగి ఎవరి చరిత్ర గీశారో వాళ్లే వెళ్లిపోతారు అన్నది ఒక భయం. బొమ్మ రాకముందే భూమి విలువ పెరగడం మొదలైన చోట్ల నిందంతా గోడ మీద వేయడం సరికాదన్నది దానికి జవాబు. ఏది ముందు, ఏది వెనక అని విడదీయడం నిజంగానే కష్టం. పేటవాళ్లు వేసుకున్న బొమ్మకూ స్థలం అమ్ముకునేవాళ్లు వేయించిన బొమ్మకూ ఉద్దేశం వేరు, బాటసారి కంటికి మాత్రం రెండూ రంగులే.

నిలిచేది ఎన్నాళ్లు?

కేబుల్ స్ట్రీట్ బొమ్మ సగంలో ఉండగానే, 1982లో ఫాసిస్టు అభిమానులు దాని మీద నినాదాలు రాసి పాడుచేశారు. బినింగ్టన్ తప్పుకున్నారు. పాల్ బట్లర్, రే వాకర్, డెస్మండ్ రోచ్‌ఫోర్ట్ కలిసి 1983లో పూర్తిచేశారు. ఆ తర్వాత కూడా దాడులు జరిగాయి, మరమ్మతులూ జరిగాయి. షికాగో గౌరవ కుడ్యానికి అంత ఆయుష్షు లేదు. దానిలో ఒక భాగాన్ని, ఆ భాగం వేసిన చిత్రకారుడి ఇష్టానికి వ్యతిరేకంగా చెరిపి మళ్లీ వేశారు. 1971లో భవనంలో మంటలు లేచాయి, తర్వాత దాన్ని కూల్చేశారు. ఇవాళ మనకు మిగిలినవి ఫొటోలు, అక్కడ తిరిగినవాళ్ల మాటలు. కింగ్ ఎందుకు లేరన్న ప్రశ్న ఇంకా అడగగలుగుతున్నామంటే అవి ఉండబట్టే.

తుహుంగా కాలువ గోడ కథ 1950ల దగ్గర ఆగింది. ఆ తర్వాతి దశాబ్దాలను గీయడానికి 2021లో మెలన్ ఫౌండేషన్ 50 లక్షల డాలర్లు ప్రకటించింది. 1976 వేసవిలో పదిహేనేళ్ల వయసులో అక్కడ రంగులు కలిపినవాళ్లకు ఇప్పుడు అరవై దాటాయి. అప్పుడు ముసలివాళ్ల ముందు కూర్చుని వాళ్లు విన్నారు. కొత్త భాగం చెప్పాల్సిన కాలాన్ని చూసినవాళ్లు వీళ్లే.